మోటరు తాగే నీళ్ళు

మంగళవారం పొద్దున గడీ మెట్ల మీద నిలబడి దొర నాలుగు మాటలు చెప్పాడు. శుక్రవారం పదకొండు గంటలకు తాను నల్లగొండ కచేరీలో ఉండాలి. మోటరు దారిలో మొరాయిస్తే దాన్ని తుక్కు కింద అమ్మేస్తాడు. యుద్ధానికి ఇనుము కొనే కంట్రాక్టరు నల్లగొండలోనే దిగి ఉన్నాడు. బండి పోయిన మర్నాటి నుంచి డ్రైవరు ఏసోబు మోట పనికి రావాలి.

మొదటి మూడు మాటలను ఏసోబు చెవులతో విన్నాడు. నాలుగోదాన్ని నడుముతో విన్నాడు.

మోట అంటే ఎద్దులను ముందుకూ వెనక్కూ నడుపుతూ, తోలు బొక్కెనతో బావిలోని నీళ్ళు పొలానికి తోడే పని. చుక్క పొడిచినప్పుడు మొదలైతే పొద్దుగూకేదాకా సాగుతుంది. దొర పొలంలో దానికి కూలి ఇవ్వరు. వెట్టి. ఏసోబు తండ్రి బక్కయ్య ఆ ఎద్దుల వెనుక నడిచి నడిచి నలభై ఏళ్ళకే నడుము వంగిపోయి, నేలను చూస్తూనే చచ్చిపోయాడు.

ఏసోబును ఆ తాడు నుంచి తప్పించింది మోటరే. మిషను బడిలో చదివే రోజుల్లో పాదిరిగారి బండి తుడిచేవాడు. తుడవడం నుంచి బండి కింద దూరడం, దూరడం నుంచి విప్పి బిగించడం, చివరికి నడపడం నేర్చుకున్నాడు. దొర దగ్గరున్న హైదరాబాదు డ్రైవరు మానేసి వెళ్ళిపోయిన నాడు, మర్రిగూడ చుట్టుపట్ల ఇరవై ఊళ్ళలో స్టీరింగు పట్టడం తెలిసినవాడు ఇతనొక్కడే. అంటరాని వాడలోంచి వచ్చినవాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టడం దొరకు మింగుడుపడలేదు. కానీ నడిచి వెళ్ళడం అంతకన్నా మింగుడుపడలేదు. అది పదకొండేళ్ళ కిందటి మాట.

ఇప్పుడు యుద్ధం నాలుగో ఏట పడింది. బండికి పద్నాలుగేళ్ళు నిండాయి. దొరకు కాలు ఒక్కచోట నిలవదు కాబట్టి మైళ్ళు చూపే గడియారం తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాటి, అన్నీ సున్నాలై, మళ్ళీ మొదటి నుంచి నడిచి ముప్పై నాలుగు వేలకు వచ్చింది. కొత్త సామాను హైదరాబాదులో కూడా దొరకడం లేదు. విరిగిన స్ప్రింగు పట్టీని ఏసోబు పచ్చి తోలుతో చుట్టి కట్టాడు. ఎండేకొద్దీ అది ఇనుములా బిగుసుకుంది. ఫ్యాను బెల్టును అతని మామ భిక్షం మోట తోలుతోనే కుట్టి ఇచ్చాడు. ఎడమ తలుపు గడియ వడ్రంగి చెక్కిన చెక్కముక్క. ఇన్ని అతుకులతో కూడా ఇంజను మాత్రం గట్టిగానే ఉంది. హ్యాండిలు రెండు తిప్పులు తిప్పితే అందుకుంటుంది.

జబ్బు ఒక్కటే. వేడి.

ఆరు నెలలుగా బండి నాలుగు మైళ్ళు పోతే చాలు, అన్నం కుండలా కుతకుతలాడుతోంది. ఆపాలి. చల్లారాలి. నీళ్ళు పోయాలి. మళ్ళీ నాలుగు మైళ్ళు. నల్లగొండ నలభై మైళ్ళు. పోయిన నెల దేవరకొండ ప్రయాణంలో దొర పదిసార్లు రోడ్డు పక్కన నిలబడ్డాడు. పదోసారి ఒక గొర్రెల మంద ఆయన చుట్టూ తిరిగి వెళ్ళింది. తుక్కు ఆలోచన ఆయనకు అక్కడే పుట్టింది.

ఏసోబుకు మూడు రోజుల గడువుంది. మధ్యాహ్నందాకా తెలిసిన వైద్యాలన్నీ చేశాడు. బెల్టు బిగించాడు. ఆయిలు మార్చాడు. రేడియేటరు జాలీలో ఇరుక్కున్న గడ్డి గింజలను చీపురు పుల్లతో ఒక్కొక్కటే తీశాడు. ఇంజను నడిపి చూశాడు. అరగంటలో ఆవిరి లేచింది.

ఇక మిగిలింది లోపలి దారి. రేడియేటరు నుంచి ఇంజనుకు నీళ్ళు పోయే రబ్బరు గొట్టాన్ని పీకి, ఇంజను వైపు రంధ్రంలో వేలు పెట్టాడు. బొటనవేలు పట్టాల్సిన చోట చిటికెన వేలు కూడా దూరలేదు. మేకుతో పొడిస్తే పెళుసుగా విరిగి, తెల్లని పెచ్చు ఒకటి అరచేతిలో పడింది. గోడకు వేసిన సున్నంలా ఉంది, సున్నం కన్నా గట్టిగా ఉంది.

అప్పుడే అతని భార్య జానమ్మ జొన్నరొట్టె తెచ్చి షెడ్డు బయట నిలబడింది. మొగుడి చేతిలోది చూసి, రొట్టె మూట కింద పెట్టి, పెచ్చును వేళ్ళతో తిప్పి చూసింది.

"నా కాగుల పెచ్చు నీ మోటరులకెట్లొచ్చింది?" అంది.

పాదిరిగారి భార్య ఊరు విడిచి వెళ్ళేటప్పుడు ఇచ్చిన రాగి కాగు ఒకటి జానమ్మ దగ్గరుంది. అందులోనే నీళ్ళు కాస్తుంది. నెలకోసారి దాని అడుగున ఇలాంటి పెచ్చే కడుతుందని ఆమె చెప్పింది. వాడ బావి నీళ్ళు అంతే. వాటిలో కందిపప్పు ఉడకదు. రెండు కట్టెల మోపులు కాలినా పప్పు పప్పుగానే ఉంటుంది. చెరువు కట్ట కింది బావి నీళ్ళలో అదే పప్పు ఒక్క పొంగుకు మెత్తబడుతుంది. గడీలో వాడేది ఆ నీళ్ళే. ఇదంతా వాడలో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఏసోబుకూ తెలుసు. మోటరు కూడా కాగేనన్న సంగతే ఇంతవరకు అతనికి తట్టలేదు.

అతను బండి మడ్గార్డు మీద కూర్చుండిపోయాడు. పాత డ్రైవరు చెరువు బావిలో తోడి పోసేవాడు. ఏసోబు ఆ బావి గట్టు ఎక్కడానికి లేదు. అందుకని పదకొండేళ్ళుగా రోజూ పొద్దున్నే తన వాడ బావిలో తోడి, బట్టలో వడగట్టి మరీ, ఒక్క పుల్ల కూడా పడకుండా మోటరుకు పోశాడు. చంటిబిడ్డకు పట్టినట్టు పట్టాడు.

"మోటర్ను నేనే ఖరాబు చేసిన, జానమ్మా."

"నువ్వేడ చేసినవ్? బాయి గట్టెక్కనియ్యనోళ్లు చేసిండ్రు. నీకున్న నీళ్లు నువ్వు పోసినవ్." ఆమె రొట్టె మూట విప్పి అతని ముందుకు తోసింది. "ముందుగాల తిను. చింతపండు ఉడకబెట్టి ఒక పూట పోసి ఉంచితే నా కాగు పెచ్చు ఊడుతది. దీనిది కూడ ఊడుతది."

"ఎంత పడ్తది?"

జానమ్మ మోటరును ముందు నుంచి వెనక దాకా ఒకసారి చూసింది. "గింత పెద్ద కాగుకు వాడంత తిరగాలె," అంది.

తిరిగింది. ఇంటికో గుప్పెడు అడిగింది. బిక్షమ్మ అనే ముసలామె తన కుండలో ఉన్నదంతా కొంగులో పోస్తూ, మోటరుకు పులుసు మీరు వండితే బువ్వ ఎవరు పెడతారని అడిగింది. నవ్వినవాళ్ళు కూడా ఇచ్చారు. ఏసోబు మోట దగ్గరికి పోతే ఏమవుతుందో వాడలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. దొరతో మాట్లాడగలిగే వాడమనిషి అతనొక్కడే.

బుధవారం పొద్దున ఆ పులుసునంతా వడగట్టి రేడియేటరులో పోసి, ఇంజను స్టార్టు చేశారు. గడీ ముందరంతా చారు వాసన కమ్ముకుంది. ఈ వేళప్పుడు వంట ఎవరు చేస్తున్నారని లోపలి నుంచి దొర కబురు పంపాడు. మోటరుకు పథ్యం పెడుతున్నామని ఏసోబు జవాబు పంపాడు. పొద్దు వాలేసరికి రేడియేటరు కింది మర తిప్పి వదిలితే బెల్లం పానకం రంగు నీళ్ళు, వాటితో పాటు గుడ్డు పెంకుల్లాంటి పెచ్చులు దబదబా పడ్డాయి. గంప నిండింది. రంధ్రంలో ఇప్పుడు బొటనవేలు సుళువుగా పోయి వస్తోంది.

అసలు కష్టం అప్పుడు ఎదురైంది. మళ్ళీ ఏ నీళ్ళు పోయాలి?

వాడ నీళ్ళు పోస్తే వేసిన మందు వృథా. చెరువు బావి నీళ్ళు అడగాలి. ఆ మాట నోటి నుంచి రావడమే ప్రమాదం. అంతకు రెండేళ్ళ ముందు వాడమనిషి ఒకడు ఎండకు తాళలేక ఆ గట్టు మీద చెయ్యి పెడితే, చెయ్యి కట్టేసి ఎండలోనే నిలబెట్టారు. ఏసోబు గంప తీసుకువెళ్ళి గడీ మెట్ల కింద పెట్టాడు. లోపల పట్టిన రాయి ఇదని దొరకు చూపించాడు.

"దొరా, బండికి చెర్వు బాయి నీళ్లు కావాలె."

దొర పెచ్చులను చూడలేదు. ఏసోబును చూశాడు. "నీకా, బండికా?"

"బండికే, దొరా. నేను ముట్ట. మీ మనిషే తోడి, మీ మనిషే పోస్తడు."

 దొర, గడీకి కావడితో నీళ్ళు మోసే బీరప్పను పిలిచి, రేపటి నుంచి మోటరుకు కూడా పొయ్యమన్నాడు. ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. నల్లగొండకు ఎడ్ల గూడు బండి, అంటే కచ్చడం, రేపు మధ్యాహ్నం బయలుదేరితేనే శుక్రవారం పదకొండుకు చేరుతుంది. కాబట్టి రేపు పొద్దు నడినెత్తికి వచ్చేలోగా మోటరు ఊరి పక్క గుట్ట ఎక్కి దిగి చూపించాలి. చూపించకపోతే కచ్చడంలో తాను పోతాడు. మోటరు కోసం కంట్రాక్టరు మనుషులు వస్తారు.

గురువారం పొద్దున బీరప్ప కావడి దించాడు. యాభై ఏళ్ళ మనిషి, మాట విసురు. ఏసోబును నాలుగు బారల దూరం జరగమని, బిందె ఎత్తి రేడియేటరు మూతిలోకి పోస్తూ, ఈ ఊళ్ళో మైల లేనిది మోటరొక్కదానికేనని గొణిగాడు. ఒకటిన్నర బిందెకు నిండింది.

నిండిన నిమిషానికి కారడం మొదలుపెట్టింది.

ముందు ఒక చుక్క. తర్వాత నాలుగైదు చోట్ల సన్నని ధారలు. ఏసోబు కింద వంగి చూశాడు. అతనికి సంగతి తెలిసిపోయింది. ముసలి రేడియేటరుకు ఎప్పుడో చిల్లులు పడ్డాయి. ఆ చిల్లులను ఇన్నేళ్ళూ మూసి ఉంచింది ఆ రాయే. రాయిని తను కడిగేశాడు.

గడీ పక్కన కచ్చడం చక్రాలకు కందెన వేస్తున్నారు. పొద్దు రెండు బారలు ఎక్కింది.

ఏసోబు రేడియేటరు బోల్టులు విప్పి, దాన్ని భుజానికెత్తుకుని పరుగుతీశాడు. గడీ వెనుక చింతచెట్ల కింద కళాయి మదార్ సాబు మూడు రోజులుగా గడీ గిన్నెలకు తగరం పూత పూస్తున్నాడు. నిప్పుల కుంపటి మండుతోంది. తగరం అంటుకోవడానికి అద్దే నవాసాగరం పొగ కళ్ళు మండిస్తోంది. రేడియేటరును చూసి మదార్ సాబు కొలిమితిత్తి ఆపాడు. నలభై ఏళ్ళుగా ఊరూరూ తిరిగి డేగిసాలకు, తట్టలకు కళాయి పెట్టినవాడు ఇలాంటి గిన్నెను ఎన్నడూ చూడలేదు.

"గీ డేగిసాల ఏం వండుతరయ్యా?" అని అడిగాడు.

ఏసోబు చెప్పాడు. వండేది ఏమీ లేదు, చిల్లులు మూయాలి, మధ్యాహ్నంలోగా మూయాలి, మూయకపోతే తన పని మోటకాడికే. మదార్ సాబు ఇత్తడిని గోటితో గీకి చూసుకుని, ఇత్తడి అయితే తన మాట వింటుందన్నాడు. నీళ్ళు పోస్తూ, కారినచోటల్లా బొగ్గుతో చుక్క పెడుతూ ఇద్దరూ లెక్కపెట్టారు. తొమ్మిది తేలాయి. మదార్ సాబు ఒక్కొక్క చిల్లునూ ఇసుకతో రుద్దాడు, నవాసాగరం అద్దాడు, కాల్చిన కడ్డీతో తగరం బొట్టు పెట్టాడు. ఆరో బొట్టు పెడుతుంటే గడీ ముందర ఎద్దుల మువ్వలు వినిపించాయి. ముసలాయన తల ఎత్తలేదు. తొందరపెడితే తగరం అలుగుతుందని మాత్రం అన్నాడు.

కచ్చడానికి ఎద్దులను కట్టి, దొర పెట్టె ఎక్కించే సమయానికి మోటరు మోత వినిపించింది.

దొర ఏమీ అనకుండా వచ్చి వెనుక సీట్లో కూర్చున్నాడు. గుట్ట దారి రెండు మైళ్ళ ఎక్కుడు, అంతా కంకర. సగం దారిలో ఎప్పుడూ ఆవిరి లేచే మలుపు దగ్గర ఏసోబు చూపు రేడియేటరు మూత మీదికి పోయింది. ఆవిరి లేదు. పైకెక్కి బండి ఆపి, దిగి, రేడియేటరు నెత్తిన అరచెయ్యి పెట్టాడు. చెయ్యి తీయకుండా అలాగే నిలబడ్డాడు. దొరకు నమ్మకం కలగలేదు. తానూ దిగి వచ్చి, పక్కనే చెయ్యి ఆనించాడు. ఒకే ఇత్తడి మీద రెండు చేతులు. వేడిగా ఉంది గాని కాలేటంత కాదు. దొర అప్పుడు ఏదో గుర్తొచ్చినట్టు చెయ్యి తీసేశాడు. తిరిగి వచ్చాక ఎద్దులను విప్పేయమన్నాడు.

శుక్రవారం ఆరు గంటలకు బయలుదేరారు. వెనుక సీట్లో దొర, ఆయన కాగితాల మూట, ఆయన కాళ్ళ దగ్గర మూతికి తడిగుడ్డ కట్టిన మూడు బిందెల చెరువు నీళ్ళు. దారిలో వాడ బావుల్లాంటి బావులే ఎక్కువ కాబట్టి నీళ్ళు వెంట తీసుకుపోవాలని ఏసోబు పట్టుబట్టాడు. కచేరీలో దొరకు ఉన్నది పొరుగు దొరతో సరిహద్దు తగాదా. పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే రెండు వందల ఎకరాలు అవతలివాడి కిందికి పోతాయి. అందుకే బిందెలు బూట్ల మీద చిలకరించినా ఆయన నోరెత్తలేదు.

నాలుగు మైళ్ళు. ఎనిమిది. పన్నెండు. నాంపల్లి దాటారు. ఎండ ఎక్కుతోంది. ఏసోబు చెవి ఇంజను మీద ఉంది, కన్ను రేడియేటరు మూత మీద ఉంది. ఇరవై రెండో మైలు దగ్గర, ఒక చిన్న పల్లె చివర బండి పెద్ద గుంతలో పడి లేచింది. ఆ కుదుపుకు ముందు నుంచి సుయ్‌మని చప్పుడు వచ్చి, అద్దం మీద సన్నని జల్లు పడింది.

పదో చిల్లు.

బానెట్టు ఎత్తితే రేడియేటరు నడుమ నుంచి దారంలా నీళ్ళు చిమ్ముతున్నాయి. ఏసోబు తలగుడ్డ తీసి చిల్లు మీద వేసి, రెండు చేతులతో అదిమి పట్టాడు. వేడినీళ్ళు గుడ్డలోంచి వేళ్ళ మీదికి దిగుతున్నాయి. చెయ్యి తీస్తే ఉన్న నీళ్ళు పోతాయి. ఆ కుదుపుకే ఒక బిందె ఒలికిపోయింది, రెండు మిగిలాయి. ఇంకా పద్దెనిమిది మైళ్ళు. కళాయి మదార్ సాబు ఇరవై రెండు మైళ్ళ వెనుక ఉన్నాడు.

పాత డ్రైవరు వెళ్ళిపోయేముందు చెప్పిన చిట్కా ఒకటుంది. ఏసోబు ఇంతవరకు చేసి చూడలేదు.

"దొరా, పసుపు కావాలె. రెండు గుప్పిళ్లు. నేను చెయ్యి తీస్తే నీళ్లన్ని పోతయ్. గా ఇండ్లల్ల నన్ను రానియ్యరు గూడ."

దొర అటూ ఇటూ చూశాడు. పంపడానికి ఎవరూ లేరు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒకరి గుమ్మం ముందు నిలబడి ఏదీ అడిగి ఎరగడు. ఆయన ఊళ్ళో ఆయన అడగకముందే తెచ్చి ఇస్తారు. ఈ ఊరు ఆయనది కాదు. జేబు గడియారం తీసి చూశాడు. ఎనిమిదిన్నర దాటింది. కండువా సర్దుకుని మొదటి ఇంటి వైపు నడిచాడు.

ఆ ఇంటి ముందు నర్సింగమ్మ అనే ముసలామె విస్తళ్ళు కుడుతోంది. కళ్ళు సరిగ్గా ఆనవు. ఎదురుగా పంచెకట్టు మనిషి నిలబడి పసుపు అడిగితే పుల్ల గుచ్చడం ఆపలేదు.

"ఎవలింట్ల లగ్గం, నాయినా?"

లగ్గం కాదని, మోటరుకని దొర చెప్పాడు.

"మోటరుకు పసుపేంది? నలుగు పెడ్తవా?" ముసలామె ఇంకో ఆకు అందుకుంది. "ఎండల తిరుగుతున్నట్టున్నవ్. నీడకు కూసో, బిడ్డా. మజ్జిగ తాగు. మనసు నిమ్మళమైతది."

నలభై గజాల దూరం నుంచి ఏసోబుకు అంతా వినిపిస్తోంది. వేళ్ళు కాలుతున్నా నవ్వు ఆపుకోవడానికి పెదవులు కొరుక్కున్నాడు. నవ్వితే చెయ్యి కదులుతుంది. తన పేరు, ఊరు, అధికారం అన్నీ దొర చెప్పబోయాడు. ముసలామెకు ఏ పేరూ తెలియదు. చివరికి ఆయన గొంతు తగ్గించి, తల్లీ, పని చెడిపోతోంది, రెండు గుప్పిళ్ళు పెట్టమన్నాడు. ఆ మాటకు ఆమె లేచింది. లోపలికి పోయి చాట చివర పసుపు తెచ్చి, ఆయన కండువా కొంగులోనే పోసింది.

దొర వేగంగా నడిచి వచ్చాడు. కొంగు పట్టుకుని మూతిలో పొయ్యడం కూడా ఆయనే చెయ్యాల్సి వచ్చింది. ఏసోబు చేతులు ఖాళీ లేవు. పసుపు లోపలికి పోయాక ఒక బిందె నీళ్ళు కూడా ఆయనే ఎత్తి పోశాడు, సగం తన మీదే పోసుకున్నాడు. ఏసోబు లెక్కపెడుతూ నిలబడ్డాడు. వంద దాటాక గుడ్డ మీది ఒత్తిడి తగ్గినట్టనిపించింది. మెల్లగా చెయ్యి తీశాడు. దారం చుక్కయింది. చుక్క సాగి, పచ్చగా మారి, అక్కడే గడ్డకట్టి నిలిచింది.

"ఆగిందా?" అన్నాడు దొర. కండువా అంతా పసుపు.

"ఆగింది, దొరా. నిలుస్తదో లేదో తొవ్వ మీద తెలుస్తది."

ఆ పద్దెనిమిది మైళ్ళూ ఏసోబు కోడిగుడ్లు మోసినట్టు నడిపాడు. ప్రతి గుంతనూ ముందే చూశాడు. దిగుడు వచ్చినచోటల్లా ఇంజను ఆపి బండిని దొర్లించాడు. రెండుసార్లు ఆగి ఆఖరి బిందెలోంచి చెంబు చెంబు పోశాడు. వేళ్ళు బొబ్బలెక్కాయి, స్టీరింగును అరచేతులతోనే తిప్పాడు. దొర ఒక్కసారి కూడా త్వరగా పొమ్మనలేదు. చివరికి నల్లగొండ కొండ కనిపించింది.

కచేరీ ముందు బండి ఆగినప్పుడు పదకొండుకు ఇంకా పావుగంట ఉంది.

కంట్రాక్టరు మనిషి ముందే కబురు అంది అక్కడే కాచుకుని ఉన్నాడు. బండి చుట్టూ తిరిగి, తోలు చుట్టిన స్ప్రింగును చూసి నవ్వి, బానెట్టు మీద వేలితో కొట్టి, తూకం వేసుకోవచ్చా అని అడిగాడు. దొర దిగుతున్నాడు. ఏసోబు ముందు సీట్లోంచి కదలలేదు. ఆయన ముఖం వైపు చూసే ధైర్యం చాలక స్టీరింగు వైపే చూస్తూ కూర్చున్నాడు.

"అమ్మేది లేదు," అన్నాడు దొర. పసుపు కండువాతోనే మెట్లెక్కిపోయాడు.

ఏసోబు అప్పుడు దిగాడు. బండి వెనుకకు పోయి, ఎవరికీ కనిపించకుండా, టైరుకు ఆనుకుని కాసేపు కూర్చున్నాడు. బొబ్బల వేళ్ళను తడి తలగుడ్డలో చుట్టుకున్నాడు.

శనివారం మదార్ సాబు పదో చిల్లుకు తగరం పెట్టి, పసుపంతా కడిగేయించాడు. ఆ సాయంత్రం దొర షెడ్డు దాకా వచ్చాడు. ఆయన కచేరీలో గెలిచినట్టే ఉన్నాడు, గొంతు తేలికగా ఉంది. మళ్ళీ రాయి పట్టకుండా ఉండాలంటే ఏం చెయ్యాలని అడిగాడు. రోజూ పాత నీళ్ళు తీసేసి, కొత్తగా చెరువు నీళ్ళు పోయాలని ఏసోబు చెప్పాడు. చెరువు నీళ్ళన్న మాట నిజమే గాని, రోజూ మార్చాల్సిన అవసరం లేదు.

"ఎన్ని పొయ్యాలె?"

బీరప్ప కావడి భుజాన వేసుకుని అక్కడే ఉన్నాడు. గురువారం మోటరులో తన చేతులతోనే నీళ్ళు పోసినవాడు. ఒకటిన్నర బిందెకు నిండిన సంగతి అతనికి తెలుసు. ఏసోబుకు ఆ సంగతీ గుర్తుంది. అయినా నోరు తెరిచాడు.

"ఆరు బిందెలు, దొరా. రోజుకు."

బీరప్ప తల తిప్పి అతన్ని చూశాడు. ఏసోబు చూపు దించలేదు. ఎండలో నిలబెట్టిన ఆ మనిషి కళ్ళ ముందు మెదిలాడు. మోట తాడు మెదిలింది. గెలుచుకున్నదంతా ఈ ఒక్క మాటతో పోవచ్చు. బీరప్ప కావడి బద్దను ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఎండకాలం గద, దొరా," అన్నాడు. "ఆరు చాలయి. ఎనిమిదన్న పడ్తయ్."

మోటరు సంగతులు మీకే తెలియాలన్నట్టు దొర చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

 బీరప్ప బిందెలను షెడ్డులో నీడపట్టున వరసగా పెట్టాడు. ఈసారి ఏసోబును దూరం జరగమనలేదు. పోతూ పోతూ, మోటరు తాగగా మిగిలిన నీళ్ళు ఏం చేస్తారో తాను చూడబోనని, తనకు పొద్దూకితే కళ్ళు కనిపించవని చెప్పాడు. అప్పటికింకా పొద్దు గూకలేదు.

ఏసోబు సుత్తి తీసుకుని షెడ్డు వెనుక వైపుకు పోయాడు. అక్కడ ఏనాడో మేకులు కొట్టి మూసేసిన చిన్న తలుపు ఒకటుంది. బొబ్బల వేళ్ళతో ఒక్కొక్క మేకునే ఊడదీశాడు. తలుపు కిర్రుమంటూ వాడ వైపు తెరుచుకుంది. అతను పొద్దున చెప్పి ఉంచినట్టే జానమ్మ ఖాళీ కుండతో వస్తోంది. ఆమె వెనుక ఇంకా నలుగురు.